చల్లారని కోటు

ఇంకో అరగంట ముట్టుకోకూడదు. ఆవిరి పట్టిన ఉన్నిగుడ్డ పైకి ఆరినట్టే కనిపిస్తుంది గానీ, లోపల కుట్టిన కాన్వాసు పొర జ్వరం దిగని పిల్ల వీపులా వెచ్చగానే ఉంటుంది, ఆ వెచ్చదనం మీద ఎలా మడిస్తే అలా బిగుసుకుపోతుంది, తర్వాత ఎంత బతిమాలినా ఆ గీత పోదు. దర్జీ ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. కారు నాలుగున్నరకి వస్తుంది. కిటికీ చువ్వకి వేలాడుతున్న కోటు కొంచెం కూడా కదలడం లేదు. ముదురు నీలం, నీడలో చూస్తే నలుపే అనుకుంటారు. భుజాలు ఎవరో తొడుక్కున్నట్టే నిలబడ్డాయి, తలా కాళ్ళూ లేని మనిషి ఒకడు నా గదిలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూస్తున్నట్టుంది. రేపు ఈ వేళకి అది ఇంకో దేశంలో, ఒక పెద్ద హాల్లో, మరో యాభైమంది దర్జీలు కుట్టిన వాటి పక్కన వేలాడుతుంది. దాని పక్కన నా మొగుడు నిలబడి ఉంటాడు. నేను ఇక్కడే ఉంటాను, ఈ మంచం పక్కనే, బహుశా ఈ చీరలోనే.

పోటీ నియమం ఒకటే, కానీ అది గొంతు మీద కత్తిలాంటిది. తెచ్చిన సంచీని న్యాయనిర్ణేతల ఎదుటే తెరవాలి, ఇస్త్రీపెట్టె ముట్టుకోకూడదు, అరగంట వేలాడదీసుకోవచ్చు, అంతే. ఆ తర్వాత ముగ్గురు పెద్దమనుషులు వచ్చి బయటా లోపలా తిరగేసి చూస్తారు. ప్రయాణం చేసి వచ్చి కూడా నలగకుండా నిలబడితేనే అది కోటు అని వాళ్ళ నమ్మకం. కాబట్టి కత్తిరింపు ఎంత ముఖ్యమో సర్దడం అంత ముఖ్యం. కాబట్టి కత్తిరించినాయన విమానం ఎక్కుతున్నాడు, సర్దే మనిషి జేబుల్లో వెతుకుతోంది. జేబులు ఖాళీ చెయ్యడం మొదటి పని. ఒక సుద్దముక్క, ఒక దారపు పోగు, ట్రయల్ వేసినప్పుడు ఎవరో పెట్టి మరిచిపోయిన గుండుసూది. సుద్దముక్క ఆయనది. సూది నాదే అయ్యుంటుంది. ఈ ఇంట్లో మరిచిపోయిన వస్తువులన్నీ నావే అవుతాయి.

ముప్పయ్యేళ్ళ కిందట ఇదే పోటీకి నాన్న వెళ్ళాడు. నాకప్పుడు తొమ్మిదో పదో. బయల్దేరే ముందు ఆయనకి ఎడమ భుజం దగ్గర ఏదో నచ్చలేదు, మళ్ళీ ఆవిరి పట్టాడు, టైము లేదని అలాగే మడిచేశాడు. అక్కడ సంచీ తెరిస్తే వీపు మీద ఈ భుజం నుంచి ఆ భుజం దాకా ఒక గీత. ఒక్కటే. వాళ్ళు లోపల తిరగేసి కూడా చూళ్ళేదట. ఇదంతా అమ్మ చెప్పింది, నాన్న ఎప్పుడూ చెప్పలేదు. తిరిగొచ్చాక పాత కోటు ఒకటి నా ముందు పడేసి సర్దమన్నాడు. నెలరోజులు. బడి నుంచి రావడం, కోటు సర్దడం, ఆయన విప్పి చూడడం, పెదవి విరవడం, మళ్ళీ సర్దడం. కాలరు పైకెత్తు. ఎడమ భుజంలో చెయ్యి పెట్టి లైనింగు బయటికి వచ్చేలా తిరగెయ్యి. కుడి భుజాన్ని దాంట్లోకి తొయ్యి, గిన్నెలో గిన్నె పెట్టినట్టు. కోటు చేతుల్లో పల్చటి కాగితం చుట్టి పెట్టు, నలపకు, ఊదినట్టుండాలి. నడుం దగ్గర మెత్తటి తువ్వాలు చుట్ట పెట్టి దాని మీదుగా మడువు. ఇవన్నీ నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే చెప్పాడు. ఒక్కసారి కూడా కోటు పట్టుకుని చూపించలేదు. నా చెయ్యి పట్టుకుని చూపించలేదు. నాన్న దగ్గర నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే అని ఇప్పుడు తోస్తోంది: వేరేవాళ్ళు వెళ్ళే చోటికి వేరేవాళ్ళ బట్టలు సర్దడం.

చెక్క గోడ అవతల గుసగుస మొదలైంది. అవతలిది నాన్న గది. భోజనం అయిన దగ్గర్నుంచీ నాన్నా మా ఆయనా ఇద్దరూ అక్కడే ఉన్నారు. నాన్న గొంతు మామూలుగా దుకాణం ఇవతలి నుంచి అవతలికి వినిపిస్తుంది, బొత్తాం ఊడినా ఇల్లు కూలినట్టే అరుస్తాడు. మా ఆయనతో మాట్లాడేటప్పుడు మాత్రం దిగిపోతుంది, రాత్రిపూట పిల్లల్ని నిద్రపుచ్చేవాళ్ళ గొంతులా అయిపోతుంది. నాన్న ఆయన్ని ఇప్పటికీ ఒరేయ్ అనే పిలుస్తాడు. అల్లుణ్ణి ఒరేయ్ అంటారా ఎక్కడైనా, నలుగురూ ఏమనుకుంటారు అని అమ్మ బతికున్నన్నాళ్ళూ తల బాదుకుంది. ఆయనా మావయ్యగారూ అనడు, మాస్టారూ అనే అంటాడు. అమ్మకి అది మర్యాద లేకపోవడంలా కనిపించింది. నాకు కనిపించింది వేరు. ఆ ఒరేయ్‌లో నాకు చోటు లేదు. పెళ్ళి నాతో అయింది గానీ, సంసారం వాళ్ళిద్దరిదీ.

ఆయన మొదటిసారి దుకాణంలోకి వచ్చినప్పుడు పదిహేడేళ్ళు. నాకు పదిహేను. చొక్కాలో మనిషి ఉన్నాడా లేడా అన్నంత సన్నగా ఉండేవాడు, నాన్న బక్కోడని పేరు పెట్టాడు, ఆ పేరు ఇప్పుడు పొట్ట వచ్చాక కూడా పోలేదు. నేను అప్పటికే మూడేళ్ళుగా కాజాలు కుడుతున్నాను, అంచులు కుడుతున్నాను, కచ్చా కుట్లు విప్పుతున్నాను. కత్తిరించే బల్లకి అవతలి వైపు నాన్న ఒక్కడే నిలబడేవాడు, నేను ఇవతల కూర్చుని ఆ కత్తెర గుడ్డలోకి ఎలా దిగుతుందో, ఎక్కడ ఆగకుండా మలుపు తిరుగుతుందో చూసేదాన్ని. ఏదో ఒక రోజు ఇలా రా అమ్మడూ అంటాడని. ఆ కుర్రాడు వచ్చి వారం కూడా కాలేదు. నాన్న బక్కోణ్ణి అవతలి వైపు నిలబెట్టి, కత్తెర చేతిలో పెట్టి, ఆ చెయ్యి మీద తన చెయ్యి వేశాడు. రెండు చేతులూ కలిసి బూడిదరంగు గుడ్డని మెడ దగ్గర నుంచి చంక దాకా కోసుకుంటూ వెళ్ళాయి. కరకర చప్పుడు. నా వేలికి సూది గుచ్చుకుంది, నేను చూసుకోలేదు, కస్టమరు తెల్ల లైనింగు మీద చుక్క పడింది. దానికి నాన్న నన్ను తిట్టాడు. ఆ రోజు నేను చూసింది ఏ ఆడపిల్లా తన ఇంట్లో చూడకూడనిది అని నాకు అప్పుడే అనిపించింది. నాన్న నాకు ద్రోహం చెయ్యడం చూశాను.

ఆయన్ని నేను చేసుకున్నది కత్తెర కోసమేమోనని ఎన్నోసార్లు నన్ను నేనే నిలదీసుకున్నాను. అది పూర్తిగా నిజం కాదు. మంచివాడు. అదే నాకు మరీ మండుతుంది. గొప్పలు పోడు, నోట్లో నాలుక లేదు, పడుకున్న మూడో నిమిషానికి నిద్రపోతాడు. పెళ్ళయిన కొత్తలో, అందరూ వెళ్ళిపోయాక, నువ్వూ కత్తిరించు అని ముక్క ఒకటి ఇచ్చాడు. ఆయన ఇచ్చాడు! నాన్న నాకు ఇవ్వాల్సింది ఈయన తన వాటాలోంచి తీసి పెడుతున్నాడు, విస్తట్లో మిగిలిన స్వీటు ముక్కలాగా. వద్దన్నాను. ఇరవై ఏళ్ళయింది, ఇప్పటికీ వద్దనే అంటున్నాను. నాన్న చేతులు వణకడం మొదలై మూడేళ్ళు, అప్పట్నుంచీ అవతలి వైపు ఆయనే. ఇవతలి వైపు నేనే.

ఆహ్వానం వచ్చిన రోజున భోజనాల దగ్గర నాన్న, బక్కోడు వెళ్తాడు, అన్నాడు. వాన పడుతుంది అన్నట్టే అన్నాడు. ఒక్కరికే టిక్కెట్టు. ఎవరు వెళ్ళాలి అనే ప్రశ్న ఆ గదిలోకి రానే లేదు. మా ఆయన ఒకసారి నావంక చూశాడు, తర్వాత కంచంలోకి చూసుకున్నాడు. నేను మజ్జిగ పోశాను. ఇంకా బాగా గుర్తు, ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

పది నిమిషాలు కూడా కాలేదు ఇంకా. కోటు దగ్గరికి వెళ్ళి లోపలికి తిరగేశాను. సర్దే ముందు ఒకసారి చూడాలి, అది వంక. నేను వెతుకుతున్నది తప్పు. ఎక్కడో ఒక చోట ఆయన కత్తెర తొందరపడి ఉంటుంది, చంక ఒక గింజంత లోతు దిగి ఉంటుంది, వీపు మధ్య అతుకు దగ్గర గుడ్డ పోగు వంకర పోయి ఉంటుంది. వేళ్ళతో తడిమాను, కళ్ళు మోసం చేస్తాయి గానీ వేళ్ళు చెయ్యవు. మెడ వెనకాల. లేదు. పక్క అతుకు. లేదు. ముందు అంచు పై నుంచి కింద దాకా గీత గీసినట్టు పడింది, కింద చివర మాత్రం ఒక వెంట్రుకవాసి లోపలికి తిరిగింది, బొత్తాం పెట్టుకుంటే అది వెనక్కి పోకుండా. ఎవరూ నేర్పని పని అది. నాన్న కూడా అంత బాగా కోయలేదు ఎప్పుడూ. చెడ్డగా కోసినవాణ్ణి క్షమించొచ్చు, పోనీలే అనొచ్చు. ఇంత బాగా కోసినవాణ్ణి ఏం చెయ్యాలి? ఇక కోటు చేతులు ఉన్నాయి. చేతులు నేను ఎక్కించినవి. కోటు చెయ్యి పైభాగం చంక గుండ్రం కన్నా రెండంగుళాలు ఎక్కువ ఉంటుంది, ఆ మిగులంతా ఎక్కడా కుచ్చు కనిపించకుండా ఆ గుండ్రంలోనే మింగించాలి. నేను గుండుసూదులు పెట్టను, కచ్చా కుట్టు వెయ్యను, మోకాలి మీద పెట్టుకుని బొటనవేలితో తోసుకుంటూ పోతాను. ఇప్పుడు వాటివంక చూస్తే నీళ్ళు జారినట్టు భుజం మీద నుంచి దిగిపోయాయి. పోటీ కాగితంలో పేరుకి ఒకటే గడి. దాంట్లో ఆయన పేరు రాసింది కూడా నేనే, నా దస్తూరీ బాగుంటుందని.

పై వాటా ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది. విమానంలో చెవులు దిబ్బెళ్ళు పడతాయని దూది తెచ్చింది. కోటు చూసి బుగ్గ మీద వేలేసుకుంది. "మొగుణ్ణి ఒక్కణ్ణే అంత దూరం పంపుతున్నావు, గట్టిదానివే. ఇంత మంచి కోటు వేసుకుంటే ఎవరైనా ఎగరేసుకుపోతారు," అంది. అది ఆయన వేసుకునే కోటు కాదు, పోటీలో వేలాడదీసేది అని చెప్పాను. అయినా సరే, నీ మొహం చూస్తే తెలుస్తోందిలే, కుళ్ళు కనిపిస్తోంది, అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ కళ్ళు మంచివే, చూసింది సరిగ్గానే చూసింది, మనిషినే తప్పుగా పట్టుకుంది. ఆ ఊళ్ళో ఏ ఆడమనిషో ఆయన్ని చూస్తుందని కాదమ్మా. గోడ అవతల ఒక ముసలాయన చూస్తున్నాడు, ఇరవై అయిదేళ్ళ నుంచీ. ఆవిడకి ఎలా చెప్పడం? ఆవిడ ఒకసారి గుడ్డ నిమిరి, అబ్బా ఇంకా వెచ్చగా ఉందే, అని మేడ మీదకి వెళ్ళిపోయింది.

వెచ్చగా ఉంది. అవును. ఆ మాట విన్నాక అది చెవిలోంచి పోవడం లేదు. గోడ అవతల నాన్న దేనికో నవ్వాడు. నాన్న నవ్వు! దగ్గుతో మొదలై దగ్గుతో ఆగిపోయే ఆ నవ్వు నేను అమ్మ పోయాక విన్నానా? ఏ జోకు చెప్పాడు ఈయన? ఈ మనిషికి జోకులు కూడా వచ్చా? నేను హేంగరు తీశాను. కోటు మంచం మీద బోర్లా పెట్టాను. కాలరు పైకెత్తాను. ఎడమ భుజంలోకి చెయ్యి పెట్టాను, లోపల కాన్వాసు నా వేళ్ళని వెచ్చగా పట్టుకుంది, తిరగేశాను. కుడి భుజం దాంట్లోకి తోశాను. కాగితం చుట్టలు. తువ్వాలు. పల్చటి ప్లాస్టిక్ కవరు. ముందుగా పరిచిన ఆయన ప్యాంటు మధ్యలో పెట్టి, దాని కాళ్ళు మీదకి తిప్పాను. ఒక్క మెట్టు తప్పలేదు. నాన్న చూసి ఉంటే పెదవి విరవడానికి ఏమీ దొరికేది కాదు. ఇరవై నిమిషాలు ముందు చేశాను, అంతే తేడా. జిప్పు లాగాను, అది చివరిదాకా ఒక్క ఊపులో వెళ్ళింది. తెలిసే చేశాను. ఆ క్షణంలో నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్తే మనిషిని కాదంటారు. దాహంతో ఉన్నవాళ్ళు నీళ్ళు తాగినట్టు. ఆ హాల్లో సంచీ తెరుచుకుంటుంది, ఆయన మొహం పాలిపోతుంది, వీపు మీద ఈ భుజం నుంచి ఆ భుజం దాకా. ఆ గీత నాన్నకి తెలుసు. ఫోనులో చెప్పగానే తెలిసిపోతుంది. మళ్ళీ ఎవరూ లోపల తిరగేసి చూడరు. నేను ఎక్కించిన చేతులు కూడా ఎవరూ చూడరు, సరే, ఎలాగూ నా పేరు లేదుగా.

మూడూ యాభై. గోడ దగ్గరికి జరిగాను. ఎందుకు జరిగానో తెలీదు, దొంగకి దొంగతనం అయ్యాక కూడా అక్కడే తచ్చాడాలనిపిస్తుందట. చెక్క సందులో చెవి పెట్టాను. ఆయన ఏదో అడుగుతున్నాడు, చేతులు ఎవరు ఎక్కించారని అడిగితే ఏం చెప్పమంటారు మాస్టారూ, అని. నువ్వే చేశానని చెప్పు అంటాడు ఇప్పుడు నాన్న. అను నాన్నా. అనెయ్యి, నాకు సులువవుతుంది.

"అబద్ధం చెప్పకు," అన్నాడు నాన్న. "నువ్వు చేశానంటే రెండో ప్రశ్నకే దొరికిపోతావు. నా కూతురని చెప్పు."

"ఎలా చేస్తుందని అడిగితే?"

కుర్చీ కిర్రుమంది.

"తెలీదని చెప్పు. దాని వెనకాల నిలబడి ఎన్నేళ్ళు చూశానో నీకు తెలుసుగా. పొద్దున్నే లేచి, అది రాకముందే, పాత ముక్క మోకాలి మీద పెట్టుకుని ఎన్నిసార్లు చేసి చూశానో నీకు తెలీదు. నాకు రాలేదురా. నీకూ రాదు."

గోడకి అలాగే ఆనుకుని ఉండిపోయాను. సంతోషం రావాలి కదా. ఇలాంటి మాట కోసమే కదా ఇవతలి వైపు ఇన్నేళ్ళు కూర్చున్నది. రాలేదు. కాళ్ళ దగ్గర నుంచి మంట లేచి తల దాకా ఎక్కింది. ఆ మాట కూడా ఆయనకే చెప్పాడు. నా మెప్పు. నాది. దాన్ని కూడా గొంతు తగ్గించి, పక్కన కూర్చోబెట్టుకుని, ఒరేయ్ అని పిలిచి ఆయన చేతిలో పెట్టాడు, నా నగలు తీసి ఆయనకి పెట్టినట్టు. నాకు ఇవ్వాల్సింది ఏదీ నా చేతికి రాదు ఈ ఇంట్లో. అన్నీ ఆయన దగ్గరికి వెళ్తాయి, ఆయన తర్వాత జాలిపడి ముక్క విదిలిస్తాడు. ఇది కూడా విదిలిస్తాడా ఇవాళ? మీ నాన్నగారు నీ గురించి ఇలా అన్నారు తెలుసా, అని? అలా అంటే నేను ఏం చేస్తానో నాకే తెలీదు. పొద్దున్నే లేచి ముక్క మోకాలి మీద పెట్టుకున్నాడట. ఆ వణికే చేతులతోనా, వణకని రోజుల్లోనా? కళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, అవి కూడా కోపం నీళ్ళే. మంచం మీద సంచీ ఉంది. లోపల కోటు వేడి మీద నిద్రపోతోంది, గీత నెమ్మదిగా గట్టిపడుతోంది, ఒక్కో నిమిషం ఒక్కో పోగు. లేవాలి. తియ్యాలి. తీస్తే ఓడిపోయినట్టు. తియ్యకపోతే? నాన్న రెండోసారి ఓడిపోతాడు. ఈసారి ఆయనకి ఇంకో ముప్పయ్యేళ్ళు లేవు. నాలుగయింది. నాలుగూ అయిదయింది. నేను కదల్లేదు, కదల్లేకపోయాను అంటే అబద్ధం.

ఆయన లోపలికి వచ్చాడు. కొత్త చొక్కా, కాలరు వెనకాల లేబుల్ కూడా తియ్యలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు, మొదటిసారి విమానం ఎక్కడం కదా. అయిపోయిందా అని అడుగుతూ సంచీ పట్టుకోబోయి, పట్టుకోకుండా దాని మీద అరచెయ్యి ఆనించాడు. అది అలాగే ఉంచేశాడు. దర్జీ అరచెయ్యి అది, లోపలి వెచ్చదనం తెలియడానికి రెండు పొరల సంచీ ఒక లెక్కా. నేను గడియారంవంక చూశాను.

"మర్చిపోయావా?" అన్నాడు.

ఆ మాటతో నాకో తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆ తలుపులోంచి బయటికి నడిచి వచ్చేయొచ్చు, అవునండీ, కంగార్లో, అని. ఇరవై ఏళ్ళుగా నలుగురి ముందు ఆయన్ని మీరు అనే అంటున్నాను, గదిలో ఏదంటే అది. "లేదు," అన్నాను. "నీ మీద కుళ్ళుతో చేశాను."

ఆయన మంచం చివర కూర్చున్నాడు. చెయ్యి ఇంకా సంచీ మీదే ఉంది. అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండును అనుకున్నాను, గోడ అవతలికి వినిపించేలా.

"నీ చోట నేనుంటే కోటుకి కత్తెరే పెట్టేవాణ్ణి," అన్నాడు.

వేళాకోళం కాదు. ఆయన మొహం చూశాను, దాంట్లో నాకు తెలిసిన మనిషి ఒకడూ తెలియనివాడు ఒకడూ ఉన్నారు. నేలవంక చూస్తూ, ఒక్కో ముక్కా పీకినట్టు చెప్పాడు. మాస్టారు తన చెయ్యి పట్టుకున్నది ఆ ఒక్క వారమేనట. ఆ తర్వాత బల్లకి అవతల నిలబడి ఇద్దరూ చూసింది ఇవతలికేనట. తను ఏది కోసినా మాస్టారు ఊఁ అని పక్కన పెట్టేవాడట, నేను చెయ్యి ఎక్కించడం మొదలుపెడితే మాత్రం వచ్చిన కస్టమరుతో కూడా మాట్లాడకుండా నిలబడిపోయేవాడట. తనకి ఎన్నోసార్లు ఒళ్ళు మండిందట. ఒకసారి నేను ఎక్కించాల్సిన చంకని కావాలనే పావంగుళం తగ్గించి కోశాడట, ఎలా ఎక్కిస్తానో చూద్దామని. ఆ కోటు నాకు గుర్తుంది. రెండు రోజులు ఏడిపించింది నన్ను. ఆ చంకని మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో, అవన్నీ ఎవరికి చెందుతాయో ఇప్పుడు తెలిసింది.

"ఎక్కించేశావు," అన్నాడు. "అది ఇంకా మండింది."

నాకు నవ్వొచ్చింది. ఎలా వచ్చిందో తెలీదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈయన నాకు ఇచ్చినవాటిలో జాలి లేనిది ఇదొక్కటే. జిప్పు లాగాను. ఇద్దరం కలిసి కోటు బయటికి తీశాం, మాట్లాడకుండా, ఆయన కుడి భుజం నేను ఎడమ భుజం. హేంగరుకి తగిలించి వెలుతురుకి తిప్పాం. ఉంది. వీపు మధ్య కన్నా కొంచెం కింద, అడ్డంగా, గోటితో గీసినట్టు. గట్టిపడలేదింకా. ఆయన ఇస్త్రీపెట్టె వెలిగించాడు, నేను తడిగుడ్డ పిండాను. ఆవిరి తగలనిచ్చి, పెట్టె ఆనించకుండా, అరచేత్తో తట్టి, మళ్ళీ ఆవిరి. మూడోసారికి పోయింది. నేను పోయిందన్నాను, ఆయన పక్క నుంచి వంగి చూసి ఊఁ అన్నాడు. నాలుగూ ఇరవై. మళ్ళీ అరగంట ఆరాలి. కారు ఆగుతుందా అని అడిగాను. అయిదింటికి కదిలితే అందుకోవచ్చు, దారిలో అడ్డం ఏమీ రాకపోతే, అన్నాడు. అప్పటిదాకా నువ్వు చూస్తూ ఉండు, అని చెప్పి నేను గదిలోంచి బయటికి నడిచాను.

నాన్న కుర్చీలో కూర్చుని తలుపువంకే చూస్తున్నాడు. అల్లుడు మళ్ళీ వస్తాడనుకున్నట్టుంది, నన్ను చూసి చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు. వణుకు ఎవరూ చూడకూడదని అలా చేస్తాడు. ఎదురుగా ముక్కాలి పీట ఉంది, మా ఆయన కూర్చుని లేచి వెళ్ళినది, దాని మీద కూర్చున్నాను. ఇంత దగ్గరగా కూర్చుని ఎన్నాళ్ళయిందో. నాన్న కనుబొమ్మల్లో ఒక వెంట్రుక పొడుగ్గా పెరిగి వంకర తిరిగింది.

"సర్దావా?" అన్నాడు.

"సర్దాను. వేడి మీద మడిచాను."

ఆయన గడ్డం కింది చర్మం ఒక్కసారి పైకీ కిందికీ ఆడింది. నేను ఆగలేదు. మర్చిపోయి కాదు, అన్నాను. విప్పేశాం, గీత పోయింది, ఆరుతోంది, అన్నాను. నమ్మకపోతే వెళ్ళి చూసుకో. ఆయన లేవబోయాడు, కుర్చీ చేతుల మీద బరువు వేశాడు, ముప్పయ్యేళ్ళ గీత ఆయన్ని లేపుతోందని నాకు తెలుసు. తర్వాత ఏమనుకున్నాడో మళ్ళీ కూర్చున్నాడు. వీధిలో కారు వచ్చి ఆగింది, తలుపు చప్పుడు, డ్రైవరు ఎవరినో ఇల్లు ఇదేనా అని అడుగుతున్నాడు.

"ఇందాక ఆయనతో అన్న మాట నాతో అను నాన్నా."

ఏ మాట అని అడగలేదు. అడుగుతాడనుకుని, జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఒళ్ళోని చేతులవంక చూసుకున్నాడు. హారన్ మోగింది, చిన్నగా, మర్యాదగా. నాన్న నోరు తెరిచాడు, మూశాడు. ఈయనకి రాదు. బొత్తాం ఊడితే వీధి దద్దరిల్లేలా అరవడం వచ్చు, నాతో ఒక్క మాట అనడం రాదు. సరే, నేను మాత్రం లేవను. ఇవాళ ఆ కోటు చల్లారేదాకా ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. ఆయన కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది, వణుకుతూనే మోకాలి మీదకి వచ్చింది, బొటనవేలు అక్కడ లేని గుడ్డని కొంచెం ముందుకి తోసింది, ఆగింది, ఇంకొంచెం తోసింది.

"మిగులంతా ముందువైపు నుంచి తోసుకొస్తావా," అన్నాడు, "వెనకవైపు నుంచా? నాకెప్పుడూ అక్కడే కుచ్చు పడుతుంది."

గొంతు తగ్గించి అడిగాడు. నలభై ఏళ్ళ మనిషిని, మా నాన్న తనకి తెలీనిది నన్ను అడగడం ఇదే మొదటిసారి. జవాబు నా నాలుక చివరే ఉంది, ముందూ కాదు వెనకా కాదు, మొదలుపెట్టే చోటు వేరే ఉంది, రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు, ఆయన మోకాలి మీద వేలు పెట్టి చూపించొచ్చు. ఆయన మెడ ముందుకి చాచి, కళ్ళు చిట్లించి, నా నోటివంకే చూస్తున్నాడు. అలా ఆయన బక్కోడివంక కూడా ఎప్పుడూ చూడలేదు.

"చెప్పను," అన్నాను.

హారన్ మళ్ళీ మోగింది. నాన్న వెనక్కి ఆనుకున్నాడు. కాసేపు నన్ను చూసి, మెల్లగా తల ఊపాడు, కిటుకు దాచుకున్న సాటి దర్జీకి ఇంకో దర్జీ ఊపినట్టు.